నీటి హద్దు ఎక్కడ?

సైనిక్‌పురి పక్కనే కాప్రా చెరువు ఉంది. వానలు లేనప్పుడు చెరువుల్లో నీరు తగ్గి, ఒడ్డున పొడినేల బయటపడుతుంది. "ఇక్కడ ఇల్లు కడితే తప్పేమిటి? నీరు లేదుగా!" అని మీకు అనిపించవచ్చు. కాని చెరువు హద్దును ఇవాళ కనిపించే నీటిని బట్టి నిర్ణయించరు. మరెలా నిర్ణయిస్తారు?

చెరువు నిండితే మిగులు నీరు అలుగు మీదుగా పొర్లిపోతుంది. దీన్నే మత్తడి అని కూడా అంటారు. నిలకడగా ఉన్న నీటి మట్టం అన్ని వైపులా ఒక్కటే కదా! కనుక అలుగు ఎంత ఎత్తులో ఉందో అంతే ఎత్తులో చెరువు చుట్టూ గీత గీస్తే, అదే పూర్తి నీటిమట్టపు గీత. దాని లోపల ఇళ్లకు అనుమతి లేదు. 2012 నాటి భవన నిర్మాణ నియమాల ప్రకారం 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువుల చుట్టూ మరో 30 మీటర్లు, చిన్న చెరువుల చుట్టూ 9 మీటర్లు ఖాళీగా వదలాలి.

ఇంత పట్టుదల ఎందుకు? లెక్క వేద్దాం. ఎకరం అంటే సుమారు 4,047 చదరపు మీటర్లు. ఎకరం చెరువును ఒక మీటరు ఎత్తున మట్టితో పూడిస్తే, 40 లక్షల లీటర్ల నీటికి చోటు పోతుంది. ఆ నీరు ఇళ్లలోకి దారి వెతుక్కుంటుంది. 2020 అక్టోబరు వానలకు హైదరాబాదులో చెరువులు పొంగి, కాలనీలు మునిగాయి.

సముద్రానికి అలుగు లేదు. అక్కడ పోటు నీరు చేరే గీతే హద్దు. కేంద్ర ప్రభుత్వం 1986 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టం కింద 1991లో, ఈ గీత నుంచి 500 మీటర్ల వరకు తీరంపై కట్టడాలను నియంత్రించింది. అయితే ఓడలు ఆగే జెట్టీని నీటిలో కాక ఎక్కడ కడతారు? అందుకే అలాంటి వాటిని పూర్తిగా నిషేధించలేదు. ముందుగా అధ్యయనం జరిపించి, అనుమతి తీసుకోవాలి.

ఆ అధ్యయనంలో ముఖ్యమైన ప్రశ్న: ఇసుక ఎటు కదులుతుంది? మన తీరంలో అలలు ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుకను ఉత్తరం వైపు తోస్తాయి. అడ్డుగా గోడ కడితే, దక్షిణాన ఇసుక పేరుకుంటుంది, ఉత్తరాన తీరం కోసుకుపోతుంది. విశాఖ రేవుకు ఉత్తరాన ఉన్న రామకృష్ణా బీచ్ ఇలాగే కోతకు గురైంది. రేవులో తవ్వితీసిన ఇసుకను అక్కడ పోయవలసి వచ్చింది.

చేసి చూడండి: పాత ప్లాస్టిక్ తొట్టి అంచున చిన్న గాటు పెట్టండి. లోపల ఒకవైపు బంకమట్టిని వాలుగా మెత్తి, గాటు నుంచి కారేదాకా నీరు పోయండి. తడి అంచున గీత గీయండి. కొంత నీరు తీసి, గీతకు దిగువన పొడిగా తేలిన చోట రాయి పెట్టండి. తీసిన నీరంతా తిరిగి పోసి, గాటు గుండా పొర్లిన నీటిని కొలవండి. అది దేనికి సమానం?