పేరు తెలియని జబ్బు, రోగి ఉజ్రు

జుమా నమాజు ముగిసి జనం బయటికి వెళ్తుండగా ఒక యువకుడు గోడ పట్టుకుని నెమ్మదిగా నా దగ్గరకు వచ్చాడు. వయసు ఇరవై మూడేళ్ళు. డిగ్రీ చివరి సంవత్సరంలో జబ్బు మొదలయిందట. ఉదయం లేచినప్పుడు ఫరవాలేదు. మధ్యాహ్నానికి కాళ్ళు బరువెక్కుతాయి. సాయంత్రానికి మోకాళ్ళు వణికి కూలబడిపోతాడు, చేతిలో టీ గ్లాసు నిలవదు. మూడేళ్ళలో నలుగురు డాక్టర్లను చూశాడు. రెండుసార్లు ఎమ్మారై తీశారు. రెండుసార్లూ నార్మల్ అనే వచ్చింది. ఒక డాక్టరు నరాల బలహీనత అన్నారు, మరొకరు టెన్షన్ అన్నారు. ఇంట్లో వాళ్ళు ముందు జాలిపడ్డారు, తర్వాత విసుక్కున్నారు, ఇప్పుడు ఏమీ అనడం లేదు.

అతను అడిగింది మందు గురించి కాదు. “మౌల్వీ సాబ్! మోకాళ్ళు అరిగిన పెద్దాయన కుర్చీలో కూర్చుని నమాజు చేస్తే ఎవరూ ఏమీ అనరు. నా జబ్బుకు పేరే లేదు, రిపోర్టులో ఏమీ లేదు. నేను కూర్చుంటే అల్లాహ్ దగ్గర అది ఉజ్రు అవుతుందా, బద్ధకం అవుతుందా?”

అప్పుడు రెండు మాటల్లో జవాబు చెప్పి పంపించాను. కానీ ఈ ప్రశ్న ఆ ఒక్క అబ్బాయిది కాదు. అందుకే ఈ నెల దర్సును దీనికే కేటాయిస్తున్నాను.

దివ్యఖుర్ఆన్ రోగికి సడలింపు ఇచ్చిన చోట్లు గమనించండి. బఖరా సూరా 185వ ఆయతులో ఉపవాసాల గురించి, మాయిదా సూరా 6వ ఆయతులో తయమ్ముమ్ గురించి, నూర్ సూరా 61వ ఆయతులో అంధుడు, కుంటివాడు, రోగి గురించి ప్రస్తావన ఉంది. ఈ మూడు చోట్లా రోగి అనే మాటే ఉంది, రోగం పేరు ఎక్కడా లేదు. వైద్యుడు చీటీ రాసిస్తేనే రోగి అన్న షరతు కూడా లేదు.

మరి రోగం ఉన్నట్టు ఎలా నిర్ధారించాలి? మన హనఫీ ఫుఖహా దీనికి మూడు మార్గాలు చెప్పారు. రోగి సొంత అనుభవం, పైకి కనిపించే చిహ్నం, నిపుణుడూ నమ్మదగినవాడూ అయిన వైద్యుని మాట. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా చాలు. నిలబడితే పడిపోతానని మూడేళ్ళుగా పడిపోతూ తెలుసుకున్నవాడికి అంతకన్నా పెద్ద రుజువు అక్కర్లేదు. ఊరికే వచ్చిన శంకకు మాత్రం ఈ సౌలభ్యం లేదు. ఆ తేడా ఎవరికి వారే తేల్చుకోవాలి. మనిషి తన విషయంలో తానే సాక్షి అని ఖియామహ్ సూరా 14వ ఆయతు మనకు గుర్తుచేస్తోంది.

హజ్రత్ ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి) మూలవ్యాధితో బాధపడుతూ నమాజు గురించి అడిగినప్పుడు దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) నిలబడి చేయమని, చేతకాకపోతే కూర్చుని, అదీ చేతకాకపోతే పక్కకు పడుకుని చేయమని బోధించారు. ఇది బుఖారీలో ఉంది. మహాప్రవక్త (స) గుర్రం మీద నుండి పడి గాయపడినప్పుడు స్వయంగా కూర్చుని నమాజు చేయించారు. కాబట్టి ఉదయం ఫజ్ర్ నిలబడి చేసినవాడు ఇషా కూర్చుని చేస్తే అందులో వైరుధ్యం ఏమీ లేదు. ఏ పూట శక్తి ఆ పూటదే. “పొద్దున బాగానే నిలబడ్డాడుగా!” అని వెనుక సఫ్‌లో గుసగుసలాడేవారు ఈ సంగతి తెలుసుకోవాలి.

అబూదావూద్‌లో హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖించిన ఒక సంఘటన ఉంది. ప్రయాణంలో ఒకతనికి తలకు రాయి తగిలి గాయమయింది. గుసుల్ చేయవలసి వచ్చింది. తయమ్ముమ్‌తో సరిపెట్టుకోవచ్చా అని తోటివారిని అడిగాడు. నీళ్ళు ఉన్నాయి కదా, నీకు ఆ వెసులుబాటు లేదన్నారు వాళ్ళు. అతను స్నానం చేశాడు, చనిపోయాడు. ఆ వార్త విని దైవప్రవక్త (స) తీవ్రంగా ఆగ్రహించారు, వాళ్ళే అతన్ని చంపారన్నారు. తెలియనప్పుడు అడగవలసిందని మందలించారు. ఇతరుల ఒంట్లోని నొప్పి మీద తీర్పు చెప్పే ముందు మనలో ప్రతి ఒక్కరూ ఈ హదీసును ఒకసారి చదువుకోవాలి.

ఇక వైద్యుల వైపు మాట. నేను డాక్టరును కాను, కానీ ఈ ప్రశ్న వచ్చాక తెలిసినవారిని అడిగి కొన్ని విషయాలు నేర్చుకున్నాను. ఎమ్మారై మెదడు ఆకారాన్ని చూపిస్తుంది. ఆ మెదడు ఎలా పనిచేస్తోందో అంతా చూపించదు. ఇంటి గోడలు చెక్కుచెదరకుండా ఉన్నా లోపల కరెంటు తీగలో లోపం ఉండవచ్చు. మూర్ఛ ఉన్నవారికి కూడా రెండు మూర్ఛల మధ్య ఈఈజీ తీస్తే నార్మల్‌గా రావచ్చు. రిపోర్టు నార్మల్ అంటే ఆ పరీక్షలో పట్టుబడలేదని అర్థం, జబ్బు లేదని కాదు.

2009లో అమెరికాలో సుసానా కహలాన్ అనే 24 ఏళ్ళ పత్రికా విలేఖరికి ఉన్నట్టుండి భ్రమలు, మూర్ఛలు మొదలయ్యాయి. స్కానింగులు నార్మల్. ఒక డాక్టరు తాగుడు వల్ల అన్నారు, కొందరు పిచ్చి అన్నారు. చివరికి సిరియా నుండి వెళ్ళి అక్కడ స్థిరపడిన డాక్టర్ సుహైల్ నజ్జార్ ఆమె చేతికి కాగితం ఇచ్చి గడియారం బొమ్మ గీయమన్నారు. ఆమె అంకెలన్నీ కుడివైపునే రాసింది. మెదడు కుడిభాగం వాచిందని ఆయనకు అక్కడ అర్థమయింది. శరీర రక్షణ వ్యవస్థ తన మెదడు మీదే దాడి చేసే ఆ వ్యాధిని డాక్టర్ జోసెప్ డల్మావ్ బృందం 2007లోనే, అంటే కేవలం రెండేళ్ళ ముందు గుర్తించింది. ఆమె చికిత్సతో కోలుకుని 2012లో పుస్తకం రాసింది. అదే జబ్బు 2005లో వచ్చి ఉంటే ఎంత గొప్ప వైద్యుడైనా దానికి పేరు చెప్పలేకపోయేవాడు! ఇలాంటి అమ్మాయిలను మన ఊళ్ళలో ఎక్కడికి తీసుకెళ్తారో నేను చెప్పనక్కర్లేదు.

ముస్నద్ అహ్మద్‌లోని ఒక హదీసు ఈ సందర్భంలో ఎంతో ఊరటనిస్తుంది. అల్లాహ్ ఏ వ్యాధిని దించినా దానికి నివారణ కూడా దించాడని, అది తెలిసినవారికి తెలుసు, తెలియనివారికి తెలియదని దాని భావం. అంటే మందు లేక కాదు, మన ఎరుక ఇంకా అక్కడికి చేరలేదు. విల్సన్ వ్యాధి సంగతి చూడండి. రాగి శరీరం నుండి బయటికి పోక కాలేయంలో, మెదడులో పేరుకుంటుంది. యువకులకు చేతులు వణకడం, మాట ముద్దగా రావడం, స్వభావం మారడం జరుగుతుంది. 1912లో దీన్ని వర్ణించారు. నేడు మందులున్నాయి, త్వరగా పట్టుకుంటే మనిషి నిలుస్తాడు. తల్లిదండ్రులిద్దరి నుండీ లోపమున్న జన్యువు వస్తేనే వచ్చే జబ్బు గనుక దగ్గరి బంధువుల మధ్య పెళ్ళిళ్ళు జరిగే మన కుటుంబాలు దీన్ని మరింత గుర్తుంచుకోవాలి. కళ్ళ పరీక్ష, రక్తంలో సెరులోప్లాస్మిన్, 24 గంటల మూత్రంలో రాగి - వీటితో మొదలుపెడతారు.

ఆ అబ్బాయి దగ్గర నాకు ఒక విషయం బయటపడింది. సాయంత్రం ముదురుతుందన్న సంగతి అతను ఏ డాక్టరుకూ విడమరచి చెప్పలేదు. ఓపీకి వెళ్ళేదేమో ఉదయం! అప్పుడు అతను బాగానే నడుస్తాడు. ఉదయం తేలికగా ఉండి పొద్దు గడిచేకొద్దీ పెరగడం కొన్ని జబ్బులకు ప్రత్యేకమైన గుర్తు. మయస్థీనియా అలాంటిదే. 1970లలో జపాన్ వైద్యుడు మసాయా సెగావా వివరించిన మరో జబ్బు ఎక్కువగా బాల్యంలోనే మొదలై ఇలాగే ప్రవర్తిస్తుంది, లెవోడోపా అనే మందు కొద్ది మోతాదులోనే ఎంతో మార్పు తెస్తుంది. కాబట్టి ఇంట్లో ఎవరైనా సాయంత్రం పూట సెల్‌ఫోన్‌లో వీడియో తీయాలి. ఏ గంటకు ఏమయిందో నోటుపుస్తకంలో రాయాలి. పాత రిపోర్టులన్నీ ఒకే ఫైలులో పెట్టి ఒకే న్యూరాలజిస్టు దగ్గర కొనసాగాలి. ఊరూరా కొత్త డాక్టరును వెతికితే ప్రతి ఒక్కరూ మొదటి పేజీ నుండే మొదలుపెడతారు. హైదరాబాదులో నిమ్స్‌లో నాడీవైద్యంతోపాటు జన్యువైద్య విభాగం కూడా ఉంది. ఉప్పల్‌లోని సీడీఎఫ్‌డీలో జన్యు పరీక్షలు చేస్తారు. ఇప్పుడు ఏమీ తేలని జన్యు పరీక్షను రెండు మూడేళ్ళ తర్వాత మళ్ళీ పరిశీలిస్తే తేలడం కూడా ఉంది, ఎందుకంటే కొత్త జన్యువుల సమాచారం వస్తూనే ఉంటుంది.

కొందరికి అన్నీ చూశాక, మెదడు నిర్మాణం బాగానే ఉంది, అది శరీరాన్ని నడిపించే తీరులోనే లోపం ఉంది అంటారు. దాన్ని నటన అనుకోకండి. అది కూడా వైద్యశాస్త్రం గుర్తించిన జబ్బే. పరీక్షించి చూస్తే దానికీ గుర్తులున్నాయి, ఫిజియోథెరపీ వంటి చికిత్సలున్నాయి.

అందరికీ పేరు దొరుకుతుందని ఆశ పెట్టడం నా ఉద్దేశం కాదు. అమెరికా ప్రభుత్వం 2008లో ఇలాంటివారి కోసమే ఒక కార్యక్రమం ప్రారంభించింది. అన్ని వనరులున్న అక్కడ కూడా చేరినవారిలో ఎక్కువమంది పేరు తెలియకుండానే తిరిగి వెళ్తారు. కనుక పేరు వచ్చేదాకా జీవితాన్ని ఆపి ఉంచడం సరికాదు.

ఇక మన ఇళ్ళలో జరిగేది. జిన్ను పట్టిందని ఆమిల్ దగ్గరకు తీసుకెళ్తారు. అతను మాత్రలు ఆపమంటాడు. మూర్ఛ మాత్రలు ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదకు రావచ్చు. ఖుర్ఆన్ ఆయతులు, మస్నూన్ దుఆలు చదివి ఊదుకోవడం మంచిదే, కానీ వైద్యం మానమని చెప్పేవాడి మాట వినకండి. పల్లెవాసులు వచ్చి మేము వైద్యం చేయించుకోవాలా అని అడిగినప్పుడు మహాప్రవక్త (స) చేయించుకోమనే చెప్పారు. అమ్మాయి విషయంలో ఇంకో మందు చెబుతారు. శాదీ చేస్తే అదే పోతుందంటారు! పోకపోతే ఆ పిల్ల గతి ఏమిటి? జబ్బు దాచి నిఖా చేయడం మోసం. చెప్పి చేస్తే, తెలిసి ఒప్పుకున్నవారితో చేస్తే అభ్యంతరం లేదు.

అల్లాహ్ కోపగించాడనే మాట ఇంకా బాధాకరమైనది. హజ్రత్ ఇబ్ను అబ్బాస్ (రజి) ఒకసారి తన శిష్యుడు అతా బిన్ అబీ రబాహ్‌కు ఒక నల్లని స్త్రీని చూపించి ఆమె స్వర్గవాసి అన్నారు. ఆమెకు మూర్ఛలు వచ్చేవి. దుఆ చేయమని ఆమె దైవప్రవక్త (స)ను కోరితే సహనం వహిస్తే స్వర్గం ఉందని, కావాలంటే స్వస్థత కోసం దుఆ చేస్తానని ఆయన అన్నారు. ఆమె సహనాన్ని ఎంచుకుంది. కానీ మూర్ఛలో తన శరీరం బయటపడకుండా దుఆ చేయమని కోరింది, ఆయన చేశారు. ఆమె తన బాధను దాచుకోలేదు, తనకు ఏది ఎక్కువ ఇబ్బందో అదే అడిగింది. ఈ హదీసును మనకు అందించిన అతా కూడా కుంటివారు, చేయి చచ్చుబడినవారు, చివరికి చూపు పోయినవారు. మక్కాలో ఫత్వాలకు జనం ఆయన దగ్గరకే వచ్చేవారు.

ఉపవాసాల విషయంలో పేరు లేని జబ్బుకు ఒక ప్రత్యేక చిక్కు ఉంది. తగ్గే జబ్బయితే ఖజా, తగ్గని జబ్బయితే రోజుకొక పేదకు ఫిద్యా. ఇతనిది ఏదో ఎవరికి తెలుసు? కోలుకుంటారన్న ఆశ ఉన్నంత కాలం లెక్క రాసి ఉంచుకోవాలి. చలికాలపు పొట్టి రోజుల్లో డాక్టరును అడిగి చేతనైతే తీర్చుకోవచ్చు. ఆశ లేదని నమ్మదగిన వైద్యుడు చెబితే ఫిద్యా ఇవ్వాలి. ఫిద్యా ఇచ్చాక అల్లాహ్ స్వస్థత ప్రసాదిస్తే మళ్ళీ ఖజా చేయాలి. శక్తి చాలనివారు జుహర్‌ను దాని చివరి సమయంలో, అస్ర్‌ను దాని మొదటి సమయంలో చేసుకుంటే ఒకే వుజూతో రెండూ అయిపోతాయి. జబ్బుకు ముందు మస్జిదుకు వచ్చే అలవాటున్నవాడు ఇప్పుడు రాలేకపోయినా ఆ పుణ్యం అతని ఖాతాలో రాయబడుతూనే ఉంటుందని బుఖారీలో ఉన్న హదీసు భావం.

ఖర్చుల గురించి ఒక మాట. అవసరంలో ఉన్న రోగికి జకాతు ఇవ్వవచ్చు. తల్లిదండ్రులు కొడుక్కి ఇవ్వకూడదు గానీ అన్నదమ్ములు, మామలు ఇవ్వవచ్చు. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాలలో దీర్ఘకాలిక నాడీ సంబంధ సమస్యలు ఉన్నాయి. 40 శాతం పైన వైకల్యం ఉంటే సర్టిఫికెట్ వల్ల సౌకర్యాలు వస్తాయి. అడగడానికి సిగ్గుపడకండి.

ఆ అబ్బాయి తమ్ముడు వీడియో తీశాడు. కొత్త డాక్టరు దాన్ని మూడుసార్లు చూశారట. లెవోడోపా ఇచ్చి చూశారు, పెద్దగా మార్పు లేదు. మయస్థీనియా రక్తపరీక్ష కూడా నెగెటివ్. జన్యు పరీక్షలో ఏమీ తేలలేదు, మళ్ళీ చూస్తామన్నారు. వుజూ చేసే చోట మేము ఒక స్టూలు వేశాం, మెట్ల పక్కన ఇనుప కడ్డీ పెట్టించాం. కుర్చీ సఫ్ చివరన ఉంటుంది. అతని నోటుపుస్తకంలో ఇప్పటికి 61 రోజాల లెక్క ఉంది. పోయిన డిసెంబరులో డాక్టరును అడిగి, మధ్యలో ఒక్కో రోజు వదిలి, నాలుగు ఉన్నాడు. ఐదో రోజు సహరీకి లేచాడు గానీ చేయి వణుకుతోందని వాళ్ళ అమ్మీ ఆపింది. 57 మిగిలాయని నాకు ఫోను చేసి చెప్పాడు.