లెక్కలో చేరనివారు

భట్టిప్రోలు స్తూపమున 1892లో అలెగ్జాండర్ రే జరిపిన త్రవ్వకములలో ధాతుకరండములు లభించినవి. వానిపై గల ప్రాకృత శాసనములు క్రీస్తు పూర్వపు బ్రాహ్మీ లిపిలో చెక్కబడినవి. కుబిరకుడను రాజు పేరు వానిలో కలదు. అయినను ఆ శాసనములు రాజుతో ముగియలేదు. గోష్ఠి సభ్యులు, నిగమ సభ్యులు పేరుపేరున చెప్పబడిరి. కురుడనువాని తల్లియు, తండ్రియు దాతలుగ నిలిచిరి. ఒక కార్యమున ఎవరెవరి చేయి కలదో అందరును లెక్కలో చేరవలెనని ఆనాటివారు తలచిరి.

నేటి ఆర్థిక వార్తల తీరు ఇందుకు భిన్నము. 2023 డిసెంబరు 5వ తేదీన బొంబాయి వాటాల విపణి సూచీయగు సెన్సెక్సు మొదటిసారిగా 69,000 దాటినది. ఆ దినముననే మిచాంగ్ తుపాను బాపట్ల సమీపమున తీరము దాటినది. కృష్ణా పశ్చిమ డెల్టాలో కోతకు వచ్చిన వరి నేలకొరిగినది. కోసిన పనలు నీట నానినవి. తుపాను వార్త పత్రికలలో రాలేదని కాదు. అది వాతావరణ వార్తగ వచ్చి, కొలది దినములకు మరుగున పడును. ముప్పది కంపెనీల వాటాల ధరను తెలుపు సూచీ మాత్రము దేశ ఆర్థికస్థితిగ నిత్యము ప్రకటింపబడును. ఒకరి లాభము ఆర్థిక వార్త, మరియొకరి నష్టము దురదృష్టము అను విభజన ఇట్లు స్థిరపడును. దోషము ఇచటనే కలదు.

పొలము నీట మునిగిన కౌలురైతు గతి యేమి? పట్టా పుస్తకము యజమాని పేర నుండును. బ్యాంకు అప్పు ఆ పేరుననే పుట్టును. కౌలుదారు వడ్డీ వ్యాపారి వద్దనో, ఎరువుల దుకాణమునందో అప్పు చేయును. పంట పోయినను కౌలు బస్తాల బాకీ మిగులును. 2019 సంవత్సరపు స్థితిని పరిశీలించిన జాతీయ నమూనా సర్వే, ఆంధ్రప్రదేశ్ సేద్యపు కుటుంబములలో నూటికి 93 అప్పులలో ఉన్నవని తెలిపినది. సగటు అప్పు సుమారు 2 లక్షల 45 వేల రూపాయలు. దేశపు సగటు 74 వేలు మాత్రమే. ఇంతటి సంఖ్య సూచీవలె ప్రతి ఉదయము కంటబడదు.

కారణములు దుర్గ్రాహ్యములు కావు. సూచీ క్షణక్షణము సిద్ధముగ నుండును. అప్పుల సర్వే యేండ్లకొకసారి వచ్చును. ప్రకటనలిచ్చువారు కొనగలవారినే కోరుదురు. పాత్రికేయుడు పాలగుమ్మి సాయినాథ్ 2006లో ఒక విషయము చూపెను. ముంబాయి వస్త్ర ప్రదర్శనకు 512 మంది విలేకరులు హాజరుకాగా, ఆ నూలుకు ప్రత్తి పండించి ఆత్మహత్యల పాలగుచున్న విదర్భ రైతుల కడ బయటి విలేకరులు ఆరుగురే యుండిరి. ఇక మొత్తము పెరిగినదను వార్త, అది ఎవరి యింట పెరిగెనో చెప్పదు. 2022-23లో దేశాదాయమున 22.6 శాతము నూటికొక్కరికే చేరినదని ప్రపంచ అసమానతల పరిశోధకులు 2024లో అంచనా వేసిరి.

బసవేశ్వరుడు కళ్యాణమున బిజ్జలుని భాండారము చూచినవాడు. ధనపు లెక్క ఆయనకు తెలియనిది కాదు. ఆ భాండారి చుట్టు చేరిన శరణులలో పడవ నడుపు అంబిగర చౌడయ్య, త్రాళ్లు పేను నులియ చందయ్య కాయకము చేతనే పూజ్యులైరి. రాలిన బియ్యము ఏరి దాసోహము జరుపు ఆయ్దక్కి మారయ్య ఒకనాడు అవసరమునకు మించి తేగా, భార్య లక్కమ్మ దానిని తిరిగి అచటనే పోసి రమ్మనెనని శరణ కథ. భాండారమును ఎరిగినవాడు గింజ ఏరువానిని కూడ ఎరుగవలెను. ఒకటి విడిచిన లెక్క సంపూర్ణము కాదు.

పత్రికలను నిందించుటతో మన బాధ్యత తీరదు. కౌలు ఒడంబడికపై సంతకము చేయుటకు వెనుకాడు భూయజమాని కూడ కౌలుదారుని లెక్కనుండి తొలగించినవాడే యగును. భూమి గృహస్థునిదైనను, మఠముదైనను ధర్మము ఒక్కటే.

మననము చేయవలసినవి:

1. నేడు చదివిన ఆర్థిక వార్తలో ఎవరి కష్టము చేరలేదు?

2. మన పొలమున కాయకము చేయువాని పేరు ఏ పత్రముననైన కలదా?

3. పంట పోయిన యేట మనము కౌలు ఎంత తగ్గించితిమి?