దూరవిద్య ద్వారా ఫోటోగ్రఫీ: కోర్సును ఎన్నుకొను విధము

పదవ తరగతి పరీక్షలు సమీపించునప్పుడు మమ్ము తల్లిదండ్రులు అడుగు ప్రశ్నలలో ఈ నడుమ ఒకటి తరచుగా వినబడుచున్నది. "మా పిల్లవానికి ఫోటోలు తీయుటయందు మక్కువ మెండు. హోసూరులో ఏదేని స్టూడియోలో పనికి పెట్టుదుమా, బెంగుళూరు పంపుదుమా, లేక ఇంటనుండియే నేర్చుకొను కోర్సులో చేర్చుదుమా?" అనునదే ఆ ప్రశ్న. ఇంటనుండి నేర్పుదుమను ప్రకటనలు సెల్‌ఫోనులో దినదినము కనబడుచున్నవి. అందు కొన్నిటికి రుసుము వేల రూపాయలు. ఆ ధనము గులాబీ తోటలలోను, కర్మాగారములలోను తల్లిదండ్రులు కష్టించి కూడబెట్టినది. కావున అట్టి కోర్సును ఏ విధముగా పరీక్షించి ఎన్నుకొనవలెనో ఈ పాఠమున విచారింతము.

దూరవిద్య పుట్టుక

ఫోటోగ్రఫీయు, దూరవిద్యయు ఇంచుమించు తోబుట్టువులు. 1839లో ఫ్రాన్సు దేశమున డాగెర్ కనిపెట్టిన ఛాయాచిత్రణ పద్ధతి లోకమునకు వెల్లడి చేయబడెను. మరుసటి యేడు, 1840లో, ఇంగ్లండున ఒక పెన్నీ ఖర్చుతో దేశమందెచ్చటికైనను ఉత్తరము పంపు ఏర్పాటు వచ్చెను. ఆ సౌకర్యమును ఆధారము చేసికొని ఐజాక్ పిట్‌మన్ అను ఉపాధ్యాయుడు తన సంక్షిప్తలిపిని తపాలా ద్వారా బోధింప నారంభించెను. శిష్యులు తాము వ్రాసిన అభ్యాసమును అతనికి పంపుదురు. అతడు తప్పులు దిద్ది తిరిగి పంపును.

మన దేశమున 1962లో ఢిల్లీ విశ్వవిద్యాలయము తపాలా ద్వారా చదువు చెప్పుట మొదలిడెను. 1982లో హైదరాబాదున ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయము స్థాపింపబడెను. భారతదేశమున సార్వత్రిక విశ్వవిద్యాలయములలో అదియే మొదటిది. 1991 నుండి అది డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేర వెలయుచున్నది. 1985లో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయము ఏర్పడెను. 2017లో కేంద్ర ప్రభుత్వము "స్వయం" అను వేదికను ప్రారంభించెను. అందు పాఠములు ఉచితముగా వినవచ్చును. ధ్రువపత్రము కావలెనన్న రుసుము చెల్లించి పరీక్ష వ్రాయవలెను.

ఈ చరిత్రలో మనము గుర్తింపవలసిన సంగతి యొకటి కలదు. పిట్‌మన్ పాఠము శిష్యునికి పోవుటతో ముగియలేదు. శిష్యుని పని గురువునొద్దకు వచ్చెను; దిద్దబడి మరల శిష్యుని చేరెను. గురుశిష్యుల నడుమ దూరమున్నను, ఈ రాకపోకలున్నచో అది విద్య యగును. రాకపోకలు లేనిచో అది చూచి మరచిపోవు వినోదముతో సమానము. ఫోటోగ్రఫీ కోర్సును ఎన్నుకొనుటకు ఇదియే మొదటి కొలత.

నీ ఫోటోను ఎవరు చూచెదరు?

ప్రకటనలలో "వంద పాఠములు", "జీవితాంతము చూడవచ్చును" అను మాటలు పెద్ద అక్షరములతో నుండును. పాఠముల సంఖ్యను చూచి మోసపోరాదు. ఈ మూడు ప్రశ్నలు వ్రాతమూలకముగా అడుగుడు: మేము తీసిన ఫోటోలను ఎవరు చూచెదరు? ఎన్ని ఫోటోలకు అభిప్రాయము చెప్పెదరు? ఎన్ని దినములలో చెప్పెదరు? వీనికి స్పష్టమైన సమాధానము రానిచోట రుసుము చెల్లింపవద్దు.

అభిప్రాయము అన్నంత మాత్రమున చాలదు. ఒక ఉదాహరణము చూడుడు. ఒక విద్యార్థి తన అవ్వ కిటికీకి ఎదుట కూర్చుండగా ఫోటో తీసెననుకొందము. వెనుకనున్న కిటికీ తెల్లగా వెలిగిపోయినది. అవ్వ ముఖము మాత్రము నల్లగా వచ్చినది. "ఇంకను శ్రద్ధగా తీయుము" అని వ్రాసిన గురువు ఏమియు నేర్పలేదు. "వెనుకనుండి వచ్చు వెలుగును లెక్కించి కెమెరా తనంతట తాను వెలుతురును తగ్గించుకొన్నది. అవ్వను కిటికీ ప్రక్కకు త్రిప్పి కూర్చుండబెట్టి, ముఖముపై వెలుగు పడునట్లు మరల తీసి పంపుము" అని వ్రాసినవాడే గురువు. తప్పేమిటో, దానికి కారణమేమిటో, దిద్దుకొను మార్గమేమిటో మూడును అతడు చెప్పినాడు. పూర్వ విద్యార్థుల పనిపై ఇచ్చిన అభిప్రాయములను రెండింటిని చూపుమని అడుగుట మీ హక్కు.

ఒక పాఠముతో పరీక్ష

చేరకముందు ఒక పాఠమును చూడనిమ్మని అడుగుడు. ఎక్స్‌పోజరు అను పాఠమైనచో మంచిది; ఏలననగా ఫోటోగ్రఫీకి అదియే ఒరిపిడిరాయి. లెన్సులోని రంధ్రము, అనగా ఎపెర్చరు, ఎంత తెరచుకొనవలెను? షట్టరు ఎంతసేపు తెరచియుండవలెను? వెలుగునకు ఎంత చురుకుగా స్పందింపవలెనో తెలుపు ఐఎస్ఓ ఎంత యుండవలెను? ఈ మూడింటి పొందికయే ఎక్స్‌పోజరు.

నిండు ఎండలో ఐఎస్ఓ 100 ఉన్నప్పుడు ఎపెర్చరు ఎఫ్ 16, షట్టరు సెకనులో 125వ వంతు ఉంచినచో ఫోటో ఇంచుమించు సరిగా వచ్చును. ఎఫ్ 16 నుండి ఎఫ్ 11కు, అచటి నుండి ఎఫ్ 8కి వచ్చినచో ఒక్కొక్క మెట్టునకు వెలుగు రెండింతలగును. అనగా రెండు మెట్లకు నాలుగింతలు. కావున షట్టరు కాలమును నాలుగవ వంతునకు తగ్గించి 500వ వంతుగా ఉంచవలెను. రెండు ఫోటోలలోను వెలుతురు సమానమే. అయినను మొదటిదానిలో దగ్గరి పువ్వును దూరపు కొండయు ఎక్కువ స్పష్టముగా నుండును; రెండవదానిలో గాలికి ఊగు పువ్వు చెదరక నిలుచును. ఏది కావలెనో ఎన్నుకొనుటయే ఫోటోగ్రాఫరు పని.

మంచి పాఠము ఈ లెక్కను చెప్పి, వెంటనే అభ్యాసము ఇచ్చును. కెళవరపల్లి జలాశయపు గట్టున ఒకే దృశ్యమును రెండు విధములుగా తీసి పంపుమనునట్టి పని అందుండును. పేరుపొందిన కెమెరాలను, ఖరీదైన లెన్సులను పొగడుటతో ముగియు పాఠము దుకాణపు ప్రకటన మాత్రమే.

ఇచ్చట పరికరమును గూర్చియు ఒక మాట. వెలుగును చూచుటకు, చట్రములో వస్తువులను అమర్చుటకు సెల్‌ఫోను చాలును. అయితే అధిక భాగము సెల్‌ఫోనులలో ఎపెర్చరు మార్చుటకు వీలుండదు. పై అభ్యాసమునకు కెమెరా కావలెను. కోర్సు ఎప్పుడు ఏ పరికరమును కోరునో ముందుగా తెలిసికొనుడు. రుసుము చెల్లించిన పిమ్మట కెమెరా కొనవలెనని తెలిసిన కుటుంబమునకు అప్పు తప్ప మార్గముండదు.

ధ్రువపత్రము దేనికి?

సొంత స్టూడియో పెట్టువారిని, పెండ్లి ఫోటోలు తీయువారిని పట్టా చూపుమని ఎవరును అడుగరు. తీసిన ఫోటోలనే చూపుమందురు. పై చదువునకు, పట్టము కోరు ఉద్యోగమునకు మాత్రము గుర్తింపు ముఖ్యము. దూరవిద్య ద్వారా పట్టములిచ్చు సంస్థల జాబితాను విశ్వవిద్యాలయ నిధుల సంఘమునకు చెందిన దూరవిద్యా విభాగము తన వెబ్‌సైటులో ప్రకటించుచుండును. సంస్థ పేరు మాత్రమే గాక, మీరు చేరదలచిన కోర్సు పేరు, సంవత్సరము అందున్నవో లేవో మీరే చూచుకొనవలెను. ఖాసగీ సంస్థ కాగితముపై "డిప్లొమా" అని అచ్చువేసినంత మాత్రమున అది విశ్వవిద్యాలయ పట్టముతో సమానము కాదు.

తల్లిదండ్రులకు మా ముఖ్యమైన విన్నప మొకటి కలదు. పదవ తరగతితో బడి మాన్పించి ఫోటోగ్రఫీ కోర్సులో చేర్పవద్దు. పట్టపు చదువులో చేరుటకు సాధారణముగా పన్నెండవ తరగతి కావలెను. ఆ రెండేండ్లు బడిలో చదువుచు, సెలవులలో చిన్న కోర్సు నేర్చుకొనవచ్చును. చేతిపనిగా త్వరగా నేర్వదలచువారికి ఐటీఐలలో డిజిటల్ ఫోటోగ్రాఫర్ అను ఒక సంవత్సరపు శిక్షణయు కలదు. అది దూరవిద్య కాదు, అన్ని ఐటీఐలలోను ఉండదు.

భాష సంగతి

ఇంట తెలుగు, వీధిలో తమిళము, సంతలో కన్నడము మాటలాడు మన పిల్లలకు ఫోటోగ్రఫీ కోర్సులు చాలవరకు ఆంగ్లములోనే ఎదురగును. దీనికి జంకి వెనుదీయరాదు, లెక్కచేయక చేరనురాదు. నమూనా పాఠమును ఒకమారు చదివి, అందలి విషయమును తెలుగున తమ్మునికో చెల్లెలికో చెప్పి చూడుడు. చెప్పగలిగినచో ఆ కోర్సు మీ శక్తికి లోబడినదే. చెప్పలేనిచో, అర్థము కానిది ఆంగ్లమో విషయమో కనుగొని మా యొద్దకు రండు. ఎపెర్చరు, షట్టరు, ఫోకసు వంటి మాటలను ఒక నోటుపుస్తకమున వ్రాసి, ఎదుట తెలుగున అర్థము వ్రాసికొనుడు. సందేహములను తెలుగుననో తమిళముననో అడుగవచ్చునా అని సంస్థవారిని విచారించుడు. అడుగ వీలుకాని సందేహము శిష్యుని మనస్సులోనే ఉండిపోవును. అప్పుడు ఎంత గొప్ప పాఠమైనను ఒకవైపు దారియే.

రుసుమును ఒకేసారి కట్టవలెనా, వాయిదాలు కలవా, నడుమ మానివేసినచో ఎంత తిరిగి వచ్చును అను షరతులను చదివిన పిమ్మటనే సంతకము చేయుడు. "నేటితో రాయితీ ముగియును" అని తొందరపెట్టువారి యెడ మరింత జాగ్రత్త అవసరము. నాలుగు దినములు ఆగి ఆలోచించుటకు వీలియ్యనివారు, నాలుగు నెలలు ఓపికతో మీ ఫోటోలను దిద్దెదరని నమ్ముట కష్టము.

అభ్యాసము

1. రెండు కోర్సుల వివరములు సేకరించి, పైన చెప్పిన మూడు ప్రశ్నలకు వారిచ్చిన సమాధానములను పక్కపక్కన వ్రాయుడు.

2. ఇంటిలో ఒకరిని కిటికీకి ఎదుట ఒకమారు, ప్రక్కన ఒకమారు కూర్చుండబెట్టి ఫోటో తీయుడు. భేదమును అయిదు వాక్యములలో తెలుగున వ్రాయుడు.

3. నిండు ఎండలో ఐఎస్ఓ 100, ఎపెర్చరు ఎఫ్ 11 అయినచో షట్టరు ఎంత ఉంచవలెను? కారణము తెలుపుడు.

సమాధానములను, ఫోటోలను తెలుగు ఉపాధ్యాయుల గదిలో ఇచ్చినచో దిద్ది తిరిగి ఇచ్చెదము.