వేలు ఒకటే, మిషన్లు వేరు
పింఛను, రేషన్, ఉపాధి కూలీ తీసుకునేవారు తెలుసుకోవాల్సిన విషయాలు

ఎన్టీఆర్ భరోసా పింఛనుదారులు, రేషన్ కార్డుదారులు, ఉపాధి హామీ కూలీలు, డ్వాక్రా సభ్యులు ఇది ఒకసారి పూర్తిగా చదవండి. ఇంట్లో చదవడం రాని పెద్దవాళ్లుంటే చదివి వినిపించండి. నిజానికి వాళ్ల కోసమే ఇది రాశాం.

నెలలో మీరు ఎన్నిసార్లు వేలు పెడుతున్నారో లెక్క వేసుకోండి. ఒకటో తారీఖున సచివాలయం ఉద్యోగి పింఛను తెస్తే ఒకసారి. రేషన్ దగ్గర ఈ-పాస్ మిషన్ మీద ఒకసారి. బ్యాంకులో పడ్డ కూలి డబ్బు తీసుకోవడానికి ఊళ్లో ఆధార్‌తో డబ్బులిచ్చే షాపుకెళ్తే ఇంకోసారి. మూడు చోట్లా అదే వేలు, అదే లైటు. కానీ మూడూ చేసే పని ఒకటి కాదు.

మొదటి రెండు మిషన్లు చూసేది ‘ఈ మనిషి ఆ మనిషేనా’ అని మాత్రమే. అవునంటే పింఛను చేతికిస్తారు, బియ్యం తూస్తారు. ఆ వేలిముద్రతో మీ బ్యాంకు ఖాతాలోంచి పైసా కూడా కదలదు. మూడో మిషన్ నేరుగా ఖాతాలోకే వెళ్తుంది. దాన్ని ఏఈపీఎస్ అంటారు. మీ ఆధార్ నంబరు, మీ బ్యాంకు పేరు, మీ వేలిముద్ర ఉంటే చాలు, డబ్బు బయటికొస్తుంది. కార్డు అక్కర్లేదు, పిన్ అక్కర్లేదు, ఓటీపీ రాదు. ఎంత తీయాలో ఆ అంకె కొట్టేది కూడా మీరు కాదు, మిషన్ దగ్గర కూర్చున్న మనిషి.

మంచి సౌకర్యమే, కాదనం. పది కిలోమీటర్లు ఆటోలో వెళ్లి బ్యాంకు లైన్లో నిలబడే బాధ తప్పింది. ఆ షాపులు నడిపేవాళ్లలో ఎక్కువమంది నిజాయితీగానే చేస్తున్నారు. ఇబ్బంది ఎక్కడొస్తుందో చూద్దాం.

ఒక సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదిక దగ్గర ఒక పెద్దమ్మ పాస్‌బుక్కు పట్టుకుని నిలబడింది. ఉపాధి కూలి డబ్బులో 2,000 తీసుకుందామని మూడు నెలల కిందట ఒక షాపుకెళ్లింది. ‘వేలు పడలేదు, మళ్లీ పెట్టమ్మా’ అంటే నాలుగుసార్లు పెట్టింది. చేతికొచ్చింది 2,000. పాస్‌బుక్కు ప్రింట్ వేయిస్తే అదే రోజు నాలుగుసార్లు రెండేసి వేలు పోయినట్టుంది. ‘నాట్లేసి నాట్లేసి వేళ్లు అరిగిపోయాయి కదా బాబూ, నిజంగానే పడలేదనుకున్నా’ అంది. ఈ మూడు నెలలూ ఇంట్లో కొడుకునే అనుమానించారట. ఆమెకు డబ్బు పోయిన దానికన్నా ఆ మాటకే కళ్లనీళ్లొచ్చాయి. బ్యాంకుకు ఫిర్యాదు రాయించాం. ఆలస్యమైంది కాబట్టి సులువు కాదని కూడా చెప్పాల్సొచ్చింది.

అందుకే, ‘పడలేదు’ అన్నప్పుడు వెంటనే మళ్లీ వేలు పెట్టకండి. పడకపోతే మిషన్ ఆ సంగతి తెర మీద చూపిస్తుంది, చూపించమనండి. రసీదు అడగండి. అనుమానమొస్తే ముందు బ్యాలెన్స్ చూపించమనండి. దానికీ వేలు పెట్టాలి కాబట్టి తెర మీద ఏముందో చూశాకే పెట్టండి. చదవడం రాకపోతే బడికెళ్లే మనవడినో మనవరాలినో వెంట తీసుకెళ్లండి, సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

మెసేజ్ ఎవరి ఫోన్‌కి వస్తోంది?

డబ్బు తీసిన ప్రతిసారీ బ్యాంకు నుంచి మెసేజ్ రావాలి. చాలామంది ఖాతాకు ఇచ్చిన నంబరు ఎప్పుడో తీసేసిన సిమ్‌ది, లేదంటే హైదరాబాద్‌లో ఉన్న అల్లుడిది. బ్యాంకుకెళ్లి, ఇప్పుడు ఇంట్లో మోగే నంబరు ఎక్కించుకోండి. ఆధార్‌కి ఉన్న నంబరు వేరు, బ్యాంకుకి ఉన్న నంబరు వేరు. రెండూ చూసుకోవాలి.

తాళం వేయాలా, వద్దా?

ఆధార్ వేలిముద్రకు తాళం వేసుకోవచ్చు. ఉడాయ్ వెబ్‌సైట్‌లో గానీ, ఎం-ఆధార్ యాప్‌లో గానీ ‘బయోమెట్రిక్ లాక్’ అని ఉంటుంది. వేస్తే మీ వేలితో ఎవరూ డబ్బు తీయలేరు. వాట్సాప్‌లో తిరిగే సలహాలు ఇక్కడితో ఆగిపోతాయి. వాటిలో చెప్పని విషయం ఒకటుంది. ఆ తాళం అన్ని మిషన్లకూ పడుతుంది. రేషన్ దగ్గర, పింఛను దగ్గర కూడా వేలు పనిచేయదు. ప్రతిసారీ ఫోన్లో ఓటీపీ కొట్టి కాసేపు తెరవాలి. స్మార్ట్‌ఫోన్ బాగా వాడేవాళ్లయితే వేసుకోండి. ఒంటరిగా ఉండే ముసలివాళ్లకి మాత్రం మేం అది చెప్పం. వాళ్లకి ఇంకో దారి ఉంది. ‘ఆధార్‌తో నగదు తీసే సౌకర్యం నా ఖాతాకు వద్దు’ అని బ్యాంకుకు రాసివ్వడం. చాలా బ్యాంకులు దీన్ని ఆపుతాయి. అలా ఆపినా ప్రభుత్వం వేసే డబ్బు ఖాతాలో పడుతూనే ఉంటుంది, రేషన్‌కూ పింఛనుకూ అడ్డం రాదు.

వేళ్లు అరిగి ముద్ర పడకపోతే పింఛను, బియ్యం పోతాయన్న భయం చాలామందిలో ఉంది. వేలిముద్ర పడలేదన్న ఒక్క కారణంతో లబ్ధి ఆపకూడదని ఉడాయ్ 2017 అక్టోబరులోనే ఆదేశమిచ్చింది. కనుపాప, ముఖం, ఓటీపీ లాంటి వేరే దారులున్నాయి, అడగండి.

జిరాక్స్ కాగితాల సంగతి

2018లో పెద్దపల్లి జిల్లాలో ఒక కేసు బయటపడింది. సిమ్ కార్డులు అమ్మే ఒకతను ఆన్‌లైన్లో ఉన్న భూమి రిజిస్ట్రేషన్ కాగితాల్లోంచి వేలిముద్రలు తీసుకుని, రబ్బరు స్టాంపులు చేసే మిషన్‌తో నకిలీ ముద్రలు తయారు చేసి, వాటితో వేల సిమ్‌లు యాక్టివేట్ చేశాడు. ఆ కాగితాలు ఇచ్చినవాళ్ల తప్పేమీ లేదు. వేలిముద్ర, ఆధార్ నంబరు ఒకే కాగితం మీద ఉండటమే అసలు ప్రమాదం.

ఆధార్ జిరాక్స్ ఇచ్చేటప్పుడు దాని మీద అడ్డంగా దేనికోసమో, తేదీ ఎంతో రాసి సంతకం చేయండి. చివరి నాలుగు అంకెలే కనిపించే ‘మాస్క్‌డ్ ఆధార్’ ఉడాయ్ సైటులో ఉచితంగా దొరుకుతుంది. లాడ్జిలాంటి చోట్ల అది ఇవ్వండి. నెట్ సెంటర్లో ప్రింట్ తీయించాక ఫైలు డిలీట్ చేయించి, వాట్సాప్ వెబ్ లాగౌట్ చేశారో లేదో చూసుకుని లేవండి. మీ ఆధార్ ఎక్కడెక్కడ వాడారో గత ఆరు నెలల వివరాలు కూడా అదే సైటులో కనిపిస్తాయి. సందేహాలుంటే 1947కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు.

పథకాలకు ఆధార్ అడగవచ్చని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరులో చెప్పింది. దానికి ముందు 2017 ఆగస్టు 24న, వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని తొమ్మిదిమంది జడ్జీల ధర్మాసనం ఏకగ్రీవంగా తీర్పిచ్చింది. పథకం తీసుకున్నంత మాత్రాన ఆ హక్కు పోదు. ‘ఇది ఎందుకు బాబూ?’ అని అడగడం కూడా అందులో భాగమే.

ఫోన్లో వచ్చేవి

ఈ ఫైలు పేరు చివర పీడీఎఫ్ అని ఉంటుంది. పథకం పేరుతో వచ్చిన ఫైలు చివర ‘ఏపీకే’ అని ఉంటే తెరవొద్దు. అది కాగితం కాదు, యాప్. పీఎం కిసాన్ పేరుతో ఇలాంటివి చాలా తిరిగాయి. ఇన్‌స్టాల్ చేస్తే మీ మెసేజ్‌లు, వాటిలోని ఓటీపీలు అవతలివాడికి కనిపిస్తాయి. ప్రభుత్వ వాట్సాప్ సేవ మన మిత్ర నంబరు 95523 00009. వేరే నంబరు నుంచి ఆ పేరుతో వస్తే నమ్మకండి.

ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని అందరూ అంటారు గానీ, సచివాలయంలో ఈ-కేవైసీ చేసేటప్పుడు మీ ఎదుటే అడగవచ్చు. అప్పుడు కూడా ఆ మెసేజ్ చదివించుకోండి. అది దేనికోసమో అందులోనే ఉంటుంది. ఫోన్ చేసి అడిగితే మాత్రం ఎవరైనా సరే, పెట్టేయండి.

డబ్బు పోతే

1930కి వెంటనే ఫోన్ చేయండి. ఎంత తొందరగా చేస్తే, డబ్బు ఇంకో ఖాతాకు మారకముందే ఆపే అవకాశం అంత ఎక్కువ. తర్వాత బ్యాంకుకు రాతపూర్వకంగా ఇవ్వండి. రిజర్వ్ బ్యాంకు 2017 జులై 6న ఇచ్చిన ఆదేశం ప్రకారం, మీ తప్పూ బ్యాంకు తప్పూ లేకుండా మూడోవాడు చేసిన మోసమైతే, బ్యాంకు సమాచారం అందిన మూడు పనిదినాల్లో తెలిపితే నష్టం మీ మీద పడదు. నాలుగు నుంచి ఏడు పనిదినాలైతే కొంత భరించాలి, జీరో బ్యాలెన్స్ ఖాతాకు అది 5,000 దాటదు. తప్పు ఖాతాదారుదే అంటే, దాన్ని నిరూపించాల్సింది బ్యాంకే. మెసేజ్ వచ్చే నంబరు సరిచూసుకోమన్నది ఇందుకే.

షాపువాడు మన ఊరివాడే, ఫిర్యాదు చేస్తే పింఛను ఆపేయిస్తాడేమో అని కొందరు ఊరుకుంటున్నారు. పింఛను ఆపే అధికారం ఆ షాపుకు లేదు. అలా ఎవరైనా బెదిరిస్తే సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇవ్వండి.

1930కి చేసినప్పుడు ఫిర్యాదు నంబరు ఇస్తారు. దాన్ని పాస్‌బుక్కు వెనక అట్ట మీద రాసిపెట్టుకుని బ్యాంకుకు తీసుకెళ్లండి.