హారియెట్ రాసిన ఉత్తరం

హారియెట్ జాకబ్స్ నల్లజాతి స్త్రీ. అమెరికాలో ఉత్తర కరోలినా రాష్ట్రం, ఈడెన్‌టన్ అనే ఊళ్లో 1813లో పుట్టింది. పుట్టుకతోనే బానిస. ఆ రోజుల్లో అక్కడ నల్లవాళ్లను గొడ్లను అమ్మినట్టు అమ్మేవాళ్లు. తల్లి బానిసైతే బిడ్డా బానిసే.

ఆరేళ్లకే తల్లి చనిపోయింది. యజమానురాలు ఆమెకు కుట్టుపని, చదువు నేర్పింది. అయినా చనిపోయేముందు హారియెట్‌ను తన తోబుట్టువు కూతురికి రాసిచ్చింది. బీరువా, కుట్టుబల్లతో పాటు! ఆ కూతురికి మూడేళ్లు.

ఆ పిల్ల తండ్రి డాక్టరు. హారియెట్‌కు వయసు రాగానే ఆమె వెంటపడ్డాడు. ఎవరికి చెప్పుకుంటుంది? చట్టం ఆయన వైపే ఉంది. ఆయన చేతికి చిక్కకూడదని ఇంకో తెల్లాయనకు దగ్గరైంది. ఇద్దరు పిల్లలు పుట్టారు. ఈ సంగతి తర్వాత పుస్తకంలో దాచకుండా రాసింది. అంత ధైర్యం ఎందరికి ఉంటుంది?

1835లో తప్పించుకుంది. ఎక్కడికి పోయిందనుకున్నారు? ఆ ఊళ్లోనే, అమ్మమ్మ ఇంటి అటక మీదికి! పొడుగు 9 అడుగులు, వెడల్పు 7 అడుగులు, ఎత్తు 3 అడుగులు. నిలబడటానికి లేదు. అందులో దాదాపు ఏడేళ్లు ఉంది. చిన్న కన్నాలు చేసుకుని వాటిలోంచి పిల్లలను చూసుకునేది. అమ్మ పైనే ఉందని వాళ్లకు ఎన్నో ఏళ్లు చెప్పలేదు.

డాక్టరు వెతుకుతూనే ఉన్నాడు. హారియెట్ ఒక ఉపాయం చేసింది. న్యూయార్క్ పేపరు ముక్క ఒకటి దొరికితే అందులో వీధుల పేర్లు చూసింది. అక్కడినుంచి రాసినట్టు డాక్టరుకు ఉత్తరం రాసింది. అమ్మమ్మకూ ఒకటి రాసింది. నమ్మకమైన మనిషి చేత దూరాన పోస్టు చేయించింది.

డాక్టరు అమ్మమ్మ దగ్గరికి వచ్చాడు. ఉత్తరం చదివి వినిపించాడు. కానీ హారియెట్ రాసింది ఒకటి, ఆయన చదివింది ఇంకొకటి! అసలు ఉత్తరం తీసేసి, తనే వేరేది రాసుకొచ్చాడు. ముసలమ్మను మోసం చేద్దామనుకున్నాడు. పక్కనే దాక్కుని హారియెట్ అంతా వింటోంది. ఎవరు ఎవర్ని మోసం చేశారో చూడండి!

1842లో ఓడెక్కి ఉత్తరాదికి పారిపోయింది. ఒకరింట్లో పిల్లల్ని చూసుకునే పని చేసింది. 1852లో బానిసత్వం వదిలింది. పగలు పని, రాత్రి రాత. అలా తన కథ పూర్తి చేసింది. 1861లో అచ్చయింది. లిండా బ్రెంట్ అని మారుపేరు పెట్టుకుంది. 1864లో అలెగ్జాండ్రియా పట్టణంలో, విడుదలైన నల్లవాళ్ల పిల్లలకు బడి తెరిచింది. 1897లో కన్నుమూసింది.

తర్వాత చాలామంది ఆ పుస్తకం కల్పిత కథ అన్నారు. బానిస ఇంత బాగా రాయగలదా అన్నారు. జీన్ ఫేగన్ యెల్లిన్ అనే పండితురాలు ఏళ్ల తరబడి పాత కాగితాలు వెతికింది. హారియెట్ స్వయంగా రాసిన ఉత్తరాలు దొరికాయి. వాటితో నిజం తేల్చింది. 1987లో పుస్తకం మళ్లీ అచ్చయింది. ఈసారి అట్టమీద హారియెట్ జాకబ్స్ అన్న అసలు పేరే ఉంది.