నాలుగు యూనిట్లు, మా అవ్వ అడిగిన నాలుగు ప్రశ్నలు

తెలుగు గోడపత్రికలో బయాలజీ ఏమిటని కొందరు నవ్వుకోవచ్చు. ముందు అసలు సంగతి చెప్పేస్తాను. పోయిన ఇంటర్నల్స్‌లో నాకు 25కి 9 మార్కులు వచ్చాయి. చదవక కాదు. నోట్సు మొత్తం బట్టీ పట్టాను. ప్రశ్నను కొంచెం తిప్పి అడిగేసరికి ఏం రాయాలో తోచలేదు. అప్పుడు మన తెలుగు మేడమ్ ఒక మాట అన్నారు: "ఇంట్లో పెద్దవాళ్ళకి తెలుగులో చెప్పి చూడు. వాళ్ళు తిరిగి ప్రశ్న వేస్తే నీకు పాఠం వచ్చినట్టు."

మాది కె.జి.ఎఫ్. ముత్తాత చిత్తూరు వైపు నుంచి గని పనికి వచ్చి మారికుప్పంలో నిలిచిపోయాడు. ఇంట్లో పెద్దదిక్కు అవ్వ. ఆమెకి పాఠం చెప్పబోతే ఆమే నన్ను నాలుగు ప్రశ్నలు అడిగింది. చూస్తే అవి మన సిలబస్‌లోని నాలుగు యూనిట్లే. సెమిస్టర్ పరీక్షలు దగ్గర పడుతున్నాయి కాబట్టి మీకూ పనికొస్తాయని రాస్తున్నాను.

మొదటి ప్రశ్న: కణం

"సైనేడు నాలిక్కి తగిలితే సస్తారంటారే! గాలి లేస్తే ఆ సైనేడు దిబ్బ దుమ్మంతా మన ఇంట్లోనే. మరి ఇన్నేండ్లు ఎట్ల బతికినాము పాపా?"

ముందు ఆ పేరు ఎందుకు వచ్చిందో చూద్దాం. గనిలోంచి తెచ్చిన రాయిని పిండిలాగా దంచి, పలచని సైనైడ్ ద్రావణంలో కలిపితే బంగారం అందులో కరుగుతుంది. 1887లో స్కాట్లండ్‌లో కనిపెట్టిన పద్ధతి ఇది. బంగారం తీసుకున్నాక మిగిలిన పిండిని బయట పోసేవాళ్ళు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడేనాటికి ఆ పిండి గుట్టలు గుట్టలుగా పేరుకుంది. అవే మన సైనైడ్ దిబ్బలు.

సైనైడ్ కణంలో ఏం చేస్తుంది? మైటోకాండ్రియా లోపలి పొర మీద ఎలక్ట్రాన్ రవాణా గొలుసు ఉంటుంది. ఎలక్ట్రాన్లు ఒక సముదాయం నుంచి ఇంకో సముదాయానికి మారుతూ చివరికి ఆక్సిజన్‌ని చేరతాయి. ఆ దారిలో వచ్చే శక్తితోనే ఏటీపీ తయారవుతుంది. ఆక్సిజన్‌కి ముందున్న చివరి మజిలీ నాలుగో సముదాయం, అంటే సైటోక్రోమ్ సి ఆక్సిడేజ్. సైనైడ్ వెళ్ళి అందులోని ఇనుముకి అతుక్కుంటుంది. అవ్వకి రైలు లెక్కన చెప్పాను: బంగారుపేటలో సిగ్నల్ పడకపోతే కోరమాండల్, ఊరిగాం, ఛాంపియన్, మారికుప్పం దాకా వెనక బండ్లన్నీ ఆగిపోయినట్టు. రక్తంలో ఆక్సిజన్ నిండుగా ఉన్నా కణం దాన్ని వాడుకోలేదు. సైనైడ్ విషంలో రక్తం ఎర్రగానే ఉండటానికి కారణం ఇదే. పరీక్షలో "ఊపిరి ఆడక చనిపోతారు" అని రాయకండి. గాలి అందుతుంది, వాడకమే ఆగుతుంది.

మరి మనం ఎట్ల బతికాం? సైనైడ్ ఎండకీ గాలికీ నిలవదు. కొంత ఆవిరై పోతుంది, కొంత విరిగిపోతుంది, కొంత మట్టిలోని బాక్టీరియా తినేస్తాయి. ఏళ్ళ తరబడి ఎండిన దిబ్బ మీద మనం భయపడాల్సింది పేరులో ఉన్న సైనైడ్‌కి కాదు, దుమ్ములో ఉన్న సన్నటి రాతిపొడికి. దీని సంగతి మూడో ప్రశ్నలో వస్తుంది.

రెండో ప్రశ్న: మొక్క

"లేత జొన్న మేసి మా నాయన ఆవు నాము తగిలి సచ్చిపాయె. ఆవుని సంపే విషం జొన్నలోనే ఉంటే, జొన్న యాల సావదు?"

ఈ ప్రశ్నకి నేను రెండు రోజులు టైము అడిగాను. నాము అంటే సైనైడ్ విషమే. లేత జొన్నలో ధుర్రిన్ అనే పదార్థం ఉంటుంది. ఇందులో సైనైడ్ ఒక చక్కెరకి కట్టేసి ఉంటుంది. ధుర్రిన్ ఒక చోట, రిక్తికల్లో దాగి ఉంటే, దాన్ని విడగొట్టే ఎంజైము ఇంకో చోట ఉంటుంది. ఆకు బాగున్నంతసేపు రెండూ కలవవు. ఆవు నమిలినప్పుడు కణాలు చితికి, రెండూ కలిసి, సైనైడ్ బయటికి వస్తుంది. వానలు లేక వాడిపోయిన పైరులోనూ, కోసిన మోళ్ళకి వచ్చిన కొత్త చిగుళ్ళలోనూ ఇది ఎక్కువ. "కణంలో విభాగాల వల్ల లాభమేమి?" అని ఐదు మార్కుల ప్రశ్న వస్తే ఈ ఒక్క ఉదాహరణ చాలు.

మొక్కకి ఇంకో రెండు రక్షణలు ఉన్నాయి. ఒకటి, పక్కదారి. మొక్కల మైటోకాండ్రియాలో ఆల్టర్నేటివ్ ఆక్సిడేజ్ అనే ఎంజైము ఉంటుంది. నాలుగో సముదాయం మూసుకుపోయినా ఎలక్ట్రాన్లు దీని గుండా ఆక్సిజన్‌ని చేరతాయి. ఏటీపీ తక్కువ వస్తుంది, మిగతా శక్తి వేడిగా పోతుంది. కంద పువ్వు పూసినప్పుడు వెచ్చబడటంలో ఈ ఎంజైముకి పాత్ర ఉంది. రెండోది, విషాన్ని మార్చుకునే శక్తి. మొక్కలు సైనైడ్‌ని సిస్టీన్‌తో కలిపి, అక్కడి నుంచి ఆస్పరజిన్ అనే అమైనో ఆమ్లంగా మార్చుకుంటాయి.

ఈ శక్తి మొక్కకి ఎందుకు కావాల్సి వచ్చింది? మన శ్రీనివాసపురం మామిడికాయనే చూడండి. కాయ పండటానికి ఇథిలీన్ కావాలి. కణంలో ఒక ఇథిలీన్ అణువు తయారైనప్పుడల్లా ఒక సైనైడ్ అణువు కూడా పుడుతుంది. కాయ దాన్ని అప్పటికప్పుడే మార్చేసుకుంటుంది. మనకి చేరేది తీపి మాత్రమే. ఇది విని అవ్వ, "అయితే మామిడిపండు కూడా గని పని చేస్తాదన్నమాట" అంది.

మూడో ప్రశ్న: సూక్ష్మజీవి

"మీ తాతకి టీబీ అన్నిరి. ఇంకో డాక్టరు రాతి దుమ్ము అన్నాడు. ఏది నిజం?"

ఇది అడిగినప్పుడు అవ్వ నా వైపు చూడలేదు. తాత పోయినప్పుడు నాకు నాలుగేళ్ళు. దగ్గు శబ్దం తప్ప నాకేమీ గుర్తు లేదు.

కోలారు బంగారం ఉండేది స్ఫటికశిలలో. దాన్ని తొలిస్తే లేచేది స్ఫటిక సిలికా దుమ్ము. ఊపిరితిత్తుల గాలి గదుల్లో కాపలా ఉండేవి స్థూలభక్షక కణాలు. బాక్టీరియా వచ్చినా, దుమ్ము వచ్చినా మింగి, లైసోజోముల్లోని ఎంజైములతో అరిగించడం వాటి పని. సిలికా రేణువు మాత్రం అరగదు, పైగా లైసోజోము పొరని చింపుతుంది. లోపలి ఎంజైములు కణంలోకి కారి, కాపలా కణమే చనిపోతుంది. రేణువు మళ్ళీ బయటపడుతుంది. దాన్ని ఇంకో కణం మింగి అదీ చనిపోతుంది. ఈ గొడవకి చుట్టూ వాపు వచ్చి, ఫైబ్రోబ్లాస్టు కణాలు కొలాజెన్ నారని పోగు చేస్తాయి. మెత్తటి ఊపిరితిత్తిలో గట్టి ముడులు పడతాయి. ఇదే సిలికోసిస్. పని మానేసినా లోపల దిగిన రేణువులు పోవు, కాబట్టి జబ్బు ముదురుతూనే ఉండొచ్చు. ముడిపడిన చోట్లని మళ్ళీ మెత్తగా చేసే మందు లేదు.

టీబీ వేరే. అది మైకోబాక్టీరియం ట్యుబర్‌క్యులోసిస్ అనే బాక్టీరియా వల్ల, దగ్గిన గాలి ద్వారా వస్తుంది. కానీ ఈ రెండూ కలిసేది ఒకే చోట. టీబీ బాక్టీరియాని అడ్డుకోవాల్సింది కూడా ఆ స్థూలభక్షక కణాలే. సిలికాతో అవి దెబ్బతిని ఉంటే బాక్టీరియాకి దారి సులువు. అందుకే సిలికోసిస్ ఉన్నవాళ్ళకి టీబీ వచ్చే ప్రమాదం మామూలు వాళ్ళకన్నా చాలా రెట్లు ఎక్కువ. తాతకి ఇద్దరు డాక్టర్లు చెప్పిందీ నిజమే అయి ఉండొచ్చు. మొదట దుమ్ము, తర్వాత టీబీ.

పరీక్షలో తేడా రాయమంటే: టీబీ అంటుతుంది, సిలికోసిస్ అంటదు. టీబీకి మందుల కోర్సు ఉంది, సిలికోసిస్‌కి నివారణే మందు. రాయిని తడిపి తొలవడం, గాలి బాగా ఆడేలా చూడటం, ముక్కుకి సరైన మాస్కు.

నాలుగో ప్రశ్న: జన్యువు

దీన్ని అవ్వ అడగలేదు, మా అక్కని చూసుకుని పోయినవాళ్ళు అడిగారు. సంబంధం దాదాపు కుదిరింది. తర్వాత అబ్బాయి తల్లి ఎవరితోనో కబురు పంపింది: "వాళ్ళ ఇంట్లో మగోళ్ళంతా దగ్గుతోనే పోయినారంట. వంశంలో ఉందేమో." ఆ రాత్రి అవ్వ నన్ను లేపి, "నీ సదువులో దీనికి జవాబు ఉందా?" అంది.

పాత క్యాలెండరు కాగితం వెనక పెడిగ్రీ చార్ట్ గీశాను. మగవాళ్ళకి చదరం, ఆడవాళ్ళకి వృత్తం, జబ్బు ఉన్నవాళ్ళకి నలుపు. ముత్తాత నలుపు. ఆయనకి నలుగురు పిల్లలు: పెద్దతాత నలుపు, మా తాత నలుపు, చిన్నతాత తెలుపు, తాత చెల్లెలు తెలుపు. తర్వాతి తరంలో పెద్దతాతకి ఇద్దరు కొడుకులు, మా తాతకి మా నాయన, ఇద్దరు అత్తలు. ఐదుగురూ తెలుపే. అందరూ యాభై దాటినవాళ్ళు.

ఇప్పుడు ఒక్కొక్కటే కొట్టేద్దాం. వై క్రోమోజోము మీద ఉంటే ప్రతి కొడుక్కీ రావాలి. చిన్నతాతకీ మా నాయనకీ రాలేదు. కాదు. తండ్రి ఎక్స్ క్రోమోజోము కొడుక్కి వెళ్ళదు కాబట్టి ముత్తాత నుంచి కొడుకులకి ఆ దారిలోనూ రాలేదు. ఇక అలైంగిక క్రోమోజోము మీద బహిర్గత లక్షణం అనుకుందాం. నలుగురిలో ఇద్దరు, అంటే సరిగ్గా సగం. ఇక్కడే నేను బోల్తా పడబోయాను. మూడో తరం చూడండి. అది నిజమైతే ఒక్కొక్కరికి తప్పించుకునే అవకాశం సగం. ఐదుగురూ తప్పించుకోవాలంటే 32లో 1 వంతు. అసాధ్యం కాదు, కానీ అనుమానించాలి.

అప్పుడు అవ్వ ఒక మాట గుర్తు చేసింది. "మీ తాత చెల్లెలి మొగుడూ అట్లే దగ్గి దగ్గి పాయె గదా." ఆయన మేనరికం కాదు, కుప్పం వైపు నుంచి వచ్చిన బయటి సంబంధం. మా రక్తం కాదు. ఆయన చదరాన్నీ నలుపు చేశాను. తర్వాత గనిలో దిగిన ప్రతివాళ్ళ పక్కనా చిన్న దీపం బొమ్మ గీశాను. నలుగురికి దీపం వచ్చింది: ముత్తాత, పెద్దతాత, తాత, బయటి నుంచి వచ్చిన ఆయన. నలుపు ఉన్నది సరిగ్గా ఆ నలుగురికే. చిన్నతాత బజారులో కుట్టుమిషను మీద బతికాడు. ఆడవాళ్ళని గనిలో దింపలేదు. మా నాయన తరం బెంగళూరు రైలెక్కింది.

కుటుంబంలో నడిచేదంతా వంశపారంపర్యం కాదు. తండ్రి కొడుక్కి జన్యువులతో పాటు పనిని కూడా ఇస్తాడు. ఒక్క ఇంటి చార్టుతో శాస్త్రం తేల్చలేం, నిజమే. కానీ భారతదేశంలో సిలికోసిస్‌ని మొదట నమోదు చేసింది మన కోలారు గనుల్లోనే, 1947లో. ఆ కాలంలో పరీక్షించిన కార్మికుల్లో ప్రతి 10 మందిలో నలుగురికి పైగా అది కనిపించింది. వాళ్ళు తెలుగు, తమిళ, కన్నడ ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళు. వాళ్ళందరిదీ ఒకే వంశం కాదు, ఒకే దుమ్ము.

ఆదివారం ఆ కాగితం పట్టుకుని నాయన, నేను అబ్బాయి ఇంటికి వెళ్ళాం. వాళ్ళమ్మ మొత్తం విని, దీపం బొమ్మల మీద వేలు పెట్టి రెండు సార్లు లెక్క పెట్టింది. కాఫీ ఇచ్చింది. జవాబు ఇంకా రాలేదు.

ఇంటికి వచ్చాక అవ్వ అడిగింది: "ఆయన లోటా, కంచం నేను వేరే పెట్టినాను పాపా. చివరి మూడేండ్లు. పెట్టుండకూడదా?" టీబీ గాలిలో వస్తుంది, లోటాతో కాదు. దుమ్ము జబ్బు అసలు అంటదు. ఈ రెండూ నాకు వచ్చిన జవాబులే. ఆమెకి వెంటనే చెప్పలేకపోయాను. మర్నాడు చెప్పాను. కాసేపు ఊరుకుని, "అప్పుడు నాకెవురూ చెప్పలేదు" అంది.

మీరు ప్రయత్నించండి (జవాబులు వచ్చే సంచికలో ఇక్కడే అంటిస్తాను):

1. సైనైడ్ ఉన్నప్పుడు మొక్క కణం, జంతు కణం రెండూ ఆక్సిజన్ వాడకాన్ని ఎలా మార్చుకుంటాయి? రెండింటి గొలుసులూ గీసి చూపండి.
2. లేత జొన్నని కోసి బాగా ఎండబెట్టి మేపితే ప్రమాదం తగ్గుతుంది. ఎందుకు?
3. లైసోజోము పొర చిరిగితే కణానికి ఏమవుతుంది? సిలికా ఉదాహరణతో రాయండి.
4. సిలికోసిస్ ఉన్న మనిషికి టీబీ పరీక్ష తప్పనిసరిగా ఎందుకు చేయాలి?
5. మీ ఇంట్లో తరతరాలుగా ఉన్న ఏదైనా ఒక లక్షణానికి చార్ట్ గీయండి. నలుపు వేసే ముందు ఎవరు ఏ పని చేశారో, ఏ నీళ్ళు తాగారో కూడా పక్కన రాయండి. ఆ తర్వాతే జన్యువు పేరు ఎత్తండి.

— బి.ఎస్సీ. రెండో సంవత్సరం విద్యార్థిని, కె.జి.ఎఫ్.