పాత వ్యాను – ఇత్తడి సర్పము

పాఠ్యభాగములు: 2 రాజులు 18:1–6, యెహోషువ 4:1–9, లూకా 14:28–30



రాబోవు రెండవ ఆదివారమున ఆరాధన పిమ్మట మన సంఘపు వ్యానును గూర్చి తీర్మానము చేయవలసి యున్నది. పాత మారుతీ వ్యానును బాగుచేయించి ఉంచుకొందమా, లేక దానిని విడిచి ఈకో బండిని తీసికొందమా అనునదియే ప్రశ్న. ఇది బండ్ల సంగతి గదా, వాక్యధ్యానమునకు దీనితో పనియేమి అని కొందరడుగవచ్చును. ఈ విషయమై ఇద్దరు సంఘపెద్దలు నెల దినములుగా ఒకరితో ఒకరు మాటలాడుట మానిరి. ప్రభువు బల్లయొద్దకు కూడ వేరువేరు వరుసలలో వచ్చిరి. కాబట్టి పనియున్నది.

ముందుగా మా మనస్సు ఒప్పుకొందుము. ఆ బండియనిన మాకు ప్రాణము. స్త్రీల సమాజమువారు పూట పూటకు తీసిపెట్టిన పిడికెడు బియ్యమును ఆరేండ్లు అమ్మి కూడబెట్టిన సొమ్ముతో 1999లో దానిని కొనిరి. మేము ఈ సంఘములోనే పెరిగినవారము. సెమినరీకి బయలుదేరిన ఉదయమున మా ట్రంకుపెట్టె ఎక్కినది దానిలోనే. మా తల్లిగారి పెట్టె సమాధుల తోటకు సాగినదియు దానిలోనే. ఇట్టి జ్ఞాపకములు మీ ప్రతి యింటను ఉన్నవని యెరుగుదుము.

బండియు మంచి బండియే. ఈ తరగతి వ్యాను 1984లో మన దేశమున అమ్మకమునకు వచ్చెను. 1988లో దానికి ఓమ్నీ అను పేరు పెట్టిరి. మూడు సిలిండర్ల 796 సి.సి. యింజను ముందు సీట్ల క్రిందనే యుండును. తలుపులు ప్రక్కకు జారును గనుక మన పేటలోని ఇరుకు సందులో గోడకు తగులక తెరచుకొనును. వేపచెట్టు క్రింద గోనెసంచి పరచుకొని మన మెకానికు చేయలేని రిపేరు దానికి లేదు. అయితే ముందు భాగమున ముక్కు లేదు. నడుపువాని మోకాళ్లకును ఎదురువచ్చు లారీకిని నడుమ ఉన్నది పలుచని రేకు. రక్షణ నిబంధనలు కఠినమైనప్పుడు, 2019లో, దాని తయారీ ఆగిపోయెను. బ్రెజిలు దేశమువారు ఎంతో ముద్దుగా చూచుకొనిన ఫోక్స్‌వ్యాగన్ కోంబి వ్యానుకును ఇట్లే జరిగెను. 1950లో జర్మనీలో పుట్టిన ఆ బండిని అక్కడ 2013 చివరివరకు తయారుచేసిరి. గాలిసంచులును, జారకుండ ఆపు బ్రేకులును తప్పనిసరి యనగా ఆ పాత కట్టుబడిలో వాటిని ఇముడ్చుటకు వీలుపడలేదు.

గత వర్షాకాలపు ఒక రాత్రి సంగతి మీలో కొందరికే తెలియును. పొలమునుండి వచ్చుచున్న ఒక పిల్లవానిని పాము కరచెను. అంబులెన్సు మరియొక ఊరికి రోగికొరకు పోయియుండెను. మన వ్యాను తాళము త్రిప్పగా కదలలేదు. బ్యాటరీ మార్చవలెనని రెండు నెలల క్రితమే మెకానికు చెప్పియుండెను. పండుగ కానుకలు రానిమ్మని వాయిదా వేసినవారము మేమే. నలుగురు త్రోసిరి, స్టార్టు కాలేదు. చివరకు వీధి చివరి ముస్లిం సోదరుడు నిద్రలేచి తన ఆటోలో ఆసుపత్రికి చేర్చెను. విరుగుడు సూదిమందు అందినది, పిల్లవాడు బ్రదికెను. ఆ అరగంట ఆ తల్లి ముఖము చూచిన మేము, బ్యాటరీ ఒక్కటే లోపమని చెప్పి తప్పించుకొనలేము. అడుగురేకు తుప్పుపట్టినది, వైర్లు పెళుసైనవి. ఒకటి మార్చిన మరియొకటి పోవును.

ఇప్పుడు వాక్యమునకు వత్తము. అరణ్యములో సర్పముల కాటుచే జనులు చచ్చుచుండగా మోషే ఇత్తడి సర్పమును చేసి నిలిపెను. దానిని చేయుమన్నవాడు దేవుడే. దానివలన అనేకులు బ్రదికిరి. వందల ఏండ్ల తరువాత హిజ్కియా రాజు దానిని చిన్నాభిన్నము చేసెను. ఎందుకు? జనులు దానికి ధూపము వేయుచుండిరి. అతడు మోషేను అవమానపరచెనని వాక్యము చెప్పుట లేదు, అతనిని మెచ్చుకొనుచున్నది. మేము ఈ భాగమును ఎన్నోసార్లు బోధించితిమి. మన షెడ్డులోనికి తొంగిచూచి చదువుట మాత్రము ఇదే మొదటిసారి.

అయితే పాతదానినెల్ల పగులగొట్టుమని దీని భావము కాదు. యొర్దాను నడుమనుండి ఎత్తితెచ్చిన పండ్రెండు రాళ్లను యెహోషువ గిల్గాలులో నిలువబెట్టించెను, పిల్లలు అడిగినప్పుడు తండ్రులు చెప్పుటకై. ఆ రాళ్లు ఎవరినీ ఆసుపత్రికి మోయనక్కరలేదు. జ్ఞాపకము చేయుటయే వాటి పని. మన వ్యానుకు వేరు పని యున్నది. ఆ పని చేయలేని దినమున గూడ దానినే పట్టుకొని, రోగిని వేచియుండుమనినయెడల, అది ధూపము గాక మరేమి?

కొత్తది గనుక మంచిదను యువకులతోను ఒక మాట. దేవుని మందసమును దావీదు ఎక్కించినది కొత్త బండిమీదనే; ఉజ్జా చనిపోయినది ఆ దారిలోనే. ఈకో 2010లో వచ్చినది, యింజను పెద్దది, కొంచెము ముక్కు గలది. అంతమాత్రమున అది కోట కాదు, బెల్టు కట్టుకొనవలసినదే. పాతదానికంటె ఇంచుమించు ఒక అడుగు పొడవు గనుక చెరువుగట్టు మలుపులో ఒకసారి త్రిప్పి చూడవలెను. గోపురము కట్టగోరువాడు ముందు కూర్చుండి లెక్క చూచుకొనవలెనని ప్రభువు చెప్పెను గదా. కొను వెల మాత్రమే గాక ఇన్సూరెన్సు, టైర్లు, పెట్రోలు, డ్రైవరు బత్తెము, ఇవన్నియు ఏడాదికెంతయో కోశాధికారిగారు ఒక కాగితముమీద వేసి చదువవలెను. పాతదానిమీద గడచిన మూడేండ్లలో పెట్టిన ఖర్చును ఆ కాగితము వెనుకనే వ్రాయవలెను.

పాతదానిని పురాతన వాహనముగా ఉంచుకొందమని ఒక పెద్ద సెలవిచ్చిరి. 2021లో కేంద్ర ప్రభుత్వము చేసిన నిబంధన ప్రకారము అట్టిదానికి మొదటి రిజిస్ట్రేషను నాటినుండి 50 ఏండ్లు దాటవలెను. మనది 2049 వరకు ఆగవలెను. అప్పటికి మేము ఏడుపదుల అంచున నుందుము. అట్లు నమోదైనను దానిని దినదినము త్రిప్పరాదు. 15 ఏండ్లు దాటినది మొదలు ఐదేసి ఏండ్లకు రిజిస్ట్రేషను పొడిగించుకొనుచు ఇప్పటికి మూడుసార్లు గడిపితిమి. ప్రభుత్వ అనుమతిగల తుక్కు కేంద్రమునకు అప్పగించినచో ధ్రువపత్రమిత్తురు. దానిని చూపిన కొత్తబండి రిజిస్ట్రేషను రుసుము మినహాయింపునకు వీలున్నది. స్త్రీల సమాజపు పేరుగల వెనుక రేకును మాత్రము కోయించి మందిరపు వసారాలో బిగింతమని మా ఆలోచన.

ఈ పాఠము వ్రాయకముందు, ఆ బియ్యపు కానుక మొదలుపెట్టిన అమ్మమ్మగారి యింటికి వెళ్లితిమి. ఎనుబది దాటిన ఆమెకు వ్యాను సంగతి చెప్పుటకు జంకితిమి, కంట తడి పెట్టుననుకొంటిమి. ఆమె అంతయు విని, "కొత్తదాని మెట్టు ఎంత ఎత్తుంటదయ్యగారూ? దీంట్లోకి నా మోకాలు లేవడంలేదు, అందుకే గదా రెండు నెలల్నించి గుడికి రాటంలేదు" అనెను. ఆమె చోటు రెండు నెలలు ఖాళీగా నుండుట మేము చూచితిమి, జ్వరమనుకొంటిమి.

పొరుగూరి విశ్వాసి ఒకరు తమ ఈకోను ఆ ఆదివారము తెచ్చి చూపుటకు ఒప్పుకొనిరి. తీర్మానమునకు ముందు అమ్మమ్మగారిని అందులో ఎక్కించి చూతము. మెట్టు ఎత్తైనచో వడ్రంగిచేత ఒక చెక్కపీట చేయింపవలెను. దాని కొలత తీయుటకు ఆ ఇద్దరు పెద్దలను కలిసి రమ్మని కోరియున్నాము.